జానెడు దూరం నుంచి చూసే గుట్ట: కెరమెరి ఘాట్‌కు ఏ లెన్సు తీసుకెళ్లాలి

మా అక్క లచ్చవ్వకు రెండు కళ్లలోనూ మధ్య చూపు పోతోంది. ఎదురుగా నిలబడిన మనిషి ముఖం కనిపించదు, ఆ మనిషి చెవులూ భుజాలూ కనిపిస్తాయి. ఇది ఆపరేషన్‌తో బాగయ్యే జబ్బు కాదని, మిగిలిన చూపు కూడా మెల్లగా తగ్గుతుందని కరీంనగర్‌లో డాక్టరు చెప్పాడు. ఎంత కాలంలో అని అడిగితే చెప్పలేనన్నాడు. ఇప్పుడు ఏదైనా చూడాలంటే ఆమె జానెడు దూరానికి వెళ్లి, తల పక్కకు తిప్పి, కంటి చివరతో చూస్తుంది. కెరమెరి ఘాట్ కింద ఒక పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి ఆమె. మా బావ అక్కడ బట్టలు కుట్టేవాడు. ఆయన పోయాక కరీంనగర్‌లో కూతురింటికి వచ్చింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజు నన్ను కూర్చోబెట్టి ఒక్కటే అడిగింది.

"చెల్లె, నాకు మా గుట్టను సూపియ్యి. ఇంటి ముంగట నిలవడితె గీ కొస నుంచి గా కొస దాక కనవడేది. పొద్దుగాల ఘాట్ మీదికెళ్లి బస్సు దిగేది. గా బస్సు సుత ఉండాలె."

"దానికేముంది, కారు మాట్లాడుత. పోదాం పా."

"పోయి ఏం జేస్త? గుట్టకు మొఖం ఆనిచ్చి సూడాల్నా? నేను గుట్ట కాడికి పోవుడు కాదు, గుట్టే నా కాడికి రావాలె."

ఆమె కోరింది అంతే. కూతురింట్లో ముందు గదిలో పదడుగుల గోడ ఉంది. ఆ గోడ నిండా గుట్ట రావాలి. ముక్కు ఆనించి చూసినా చెట్టు చెట్టులా ఉండాలి, బస్సు బస్సులా ఉండాలి. నేను చేసిన ప్రయాణం ఇందుకే. ఇలాంటి పెద్ద ఫోటో కోసం ఆదిలాబాద్ గుట్టల వైపు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. నాకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. కెమెరాకు అవి చాలు. మా ఆయనతో కలిసి కరీంనగర్‌లో ఫోటో స్టూడియో నడిపాను, ఆయన పోయాక ఒక్కదాన్నే నడిపాను, ఇప్పుడు మా కోడలు పద్మ నడుపుతోంది. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నదీ పద్మే. నా మాటలను పుస్తకం భాషలో పెట్టుకొమ్మన్నాను, నేను చెప్పిన సంగతిని మాత్రం మార్చొద్దన్నాను.

మొదటి తగవు లెన్సు దగ్గరే వచ్చింది. పెళ్లిళ్లకు పద్మ వాడేది జూమ్ లెన్సు, ఇరవై నాలుగు నుంచి డెబ్బై దాకా జరిగేది. పెళ్లికి అది మంచిదే. పందిట్లో అటూ ఇటూ పరుగెత్తేటప్పుడు లెన్సులు మార్చుకుంటూ కూర్చోలేం. కానీ పదడుగుల గోడకు, అందులోనూ జానెడు దూరం నుంచి చూసే మనిషికి, అది చాలదని నా వాదన. ప్రైమ్ లెన్సు కావాలన్నాను. అంటే ఒకే అంకె ఉన్న లెన్సు, దగ్గరికీ దూరానికీ జరగనిది. ఒక్క పని కోసం చేసినదానికీ, పది పనులకు సర్దుకునేదానికీ తేడా ఉంటుంది. కెమెరాలు అద్దెకిచ్చే శ్రీను దుకాణానికి ఇద్దరం వెళ్లాం. అతను మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే, నాతో చనువు ఎక్కువ.

"అవ్వా, జూమ్ ఒక్కటి తీస్కపో. అన్నీ అండ్లనే ఉంటయ్. గీ వయసుల డబ్బాలు మోసుకుంట తిరుగుతవా?"

"నా మోకాళ్ల సంగతి నీకెందుకురా? లెన్సు సంగతి చెప్పు."

"చెప్పేదేముంది? ఎనిమిది మీద పెట్టి కొడితె జూమ్ అయినా ప్రైమ్ అయినా ఒక్క తీర్గనే వస్తది. పదడుగుల ఫోటోను ఎవలన్న పదడుగుల దూరం నుంచే చూస్తరు. గంత దూరంల ఫరక్ ఎవలికి దొరుకుతది?"

"మా అక్కకు దొరుకుతది. ఆమె జానెడు దూరంల నిలవడి చూస్తది."

"జానెడా? గోడకు ముద్దు పెడతదా ఏంది?"

"పెడతది. నీ సొమ్మేమన్న పోతదా?"

శ్రీను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పెద్ద ఫోటోలను జనం దూరం నుంచే చూస్తారు, అందుకే రోడ్డు పక్క హోర్డింగులు దగ్గరికి వెళితే చుక్కలు చుక్కలుగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. లెన్సు కన్నాన్ని ఎనిమిది అంకెకు తగ్గిస్తే చాలా లెన్సులు పదునెక్కే మాట కూడా నిజమే. అయితే ఆ లెక్క దూరం నుంచి చూసేవాళ్లది. మా అక్కకు ఆ లెక్క పనికిరాదు.

నేను పుట్టింది సిరిసిల్ల నేతవాళ్ల ఇంట్లో. మా బాపు మగ్గం మీద నుంచి బట్ట దిగాక మధ్యలో చూసేవాడు కాదు, అంచుల దగ్గర చూసేవాడు. మధ్యలో ఎవరి బట్టయినా బాగానే ఉంటుంది, నేతలో లోపం అంచుల దగ్గర బయటపడుతుంది. లెన్సును కూడా నేను అలాగే చూస్తాను. ఫోటో మధ్యలో ప్రతి లెన్సూ బాగానే ఉంటుంది, నాలుగు మూలల్లో చూడాలి. స్టూడియో గోడకు ఎర్ర గళ్ల తువ్వాలలు నాలుగు పక్కపక్కన బిగించి, కెమెరాను స్టాండు మీద పెట్టి, ఒకే వెలుతురులో మూడు లెన్సులతో తీశాం. శ్రీను జూమ్ ఒకటి, శ్రీను దగ్గరే ఉన్న తొంభై ప్రైమ్ ఒకటి, మా స్టూడియోలోని పాత ఎనభై ఐదు ప్రైమ్ ఒకటి. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే జూమ్ మూలల్లో ఎర్ర పోగూ తెల్ల పోగూ కలిసిపోయాయి. ఎనభై ఐదు దానికన్నా మెరుగు. తొంభైలో మాత్రం మూలల్లో కూడా పోగుకు పోగు విడివిడిగా నిలబడింది. నాకు అంతకన్నా ఏం కావాలి?

"అది దగ్గరి వస్తువులకు చేసిన లెన్సు అవ్వా," అన్నాడు శ్రీను. "నగలకు, ఉంగరాలకు తీస్కపోతరు. దూరంల ఎట్లుంటదో నేనైతె చూడలే."

"పోగు కనవడ్డంక గుట్ట కనవడదా?" అని అడ్వాన్సు అతని బల్ల మీద పెట్టి లెన్సు సంచిలో వేసుకున్నాను.

దసరా దాటి, దీపావళి ఇంకా రాని రోజులవి. ఈ పనికి అదే అదను. వానలకు గాలిలో దుమ్ము కడిగేసి ఉంటుంది, చలికాలపు పొగమంచు ఇంకా ముదరదు. ఉదయం ఆరు గంటల ప్రాంతంలో కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే ఆర్డినరీలో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ డబ్బులు ఉండవు. డీలక్సు ఎక్కితే కొనాల్సిందే, ఎక్కే ముందు బోర్డు చూసుకోండి. పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా రెండున్నర గంటలు పడుతుంది. స్టాండు సంచి పొడుగ్గా ఉండి సీటు కిందికి పోలేదు. మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను. కండక్టరు దాన్ని కిందికీ పైకీ చూశాడు.

"గిదేందవ్వా, తుపాకా?"

"అవ్. టికెట్ అడిగినోళ్లను కాలుస్త."

"నీకు టికెటే లేదు గద!"

"గందుకే నువ్వు బతికినవ్."

వెనక సీట్లవాళ్లు గోదావరి వంతెన దాకా నవ్వుతూనే ఉన్నారు. మంచిర్యాల బస్టాండు బయట ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్పై రూపాయలు, చట్నీ నీళ్లలా ఉంది. అక్కడి నుంచి ఆసిఫాబాద్ బస్సు. బెల్లంపల్లి, రెబ్బెన మీదుగా రెండు గంటల లోపే. ఆసిఫాబాద్ దాటాక బస్సులు తక్కువ, గంటసేపు నిలబడే ఓపిక లేకపోతే కెరమెరికి షేర్ ఆటో ఎక్కొచ్చు, మనిషికి అరవై తీసుకున్నారు. కెరమెరి నుంచి మా అక్క ఒకప్పుడు ఉన్న పల్లెకు ఆటో వేరుగా మాట్లాడుకున్నాం. ఆటో నడిపే గణపత్‌ది మరాఠీ కలిసిన మాట. మా చేతిలో కెమెరా సంచి చూసి బండిని నేరుగా ఘాట్ వైపు తిప్పబోయాడు.

"ఫోటోలంటె పైన వ్యూ పాయింట్ ఉంది మావ్షీ. అందరు గాడికే పోతరు. కింద ఊర్ల ఏముంది?"

"కింద నుంచే గుట్ట కనవడుతది. గుట్ట నెత్తి మీద నిలవడి గుట్టనెట్ల చూస్తరు?"

అతను బండిని మళ్లీ తిప్పి, "గిది నాకు ఎన్నడు తట్టలే," అని ఊరి దారి పట్టాడు. మీరు లోయ చూడాలనుకుంటే పైకే వెళ్లండి, అక్కడి దృశ్యం బాగుంటుంది. గుట్ట మొత్తం కావాలంటే కిందే ఉండాలి.

మా అక్క వాళ్లు అమ్మేసిన ఇంటిని పక్కింటి కమలాబాయి కొనుక్కుంది. అప్పుడు పక్కింటావిడ, ఇప్పుడు మా అక్క గుమ్మంలోనే ఉంటోంది. మేం దిగేసరికి వాకిట్లో పత్తి ఎండబోసి ఉంది. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. ఊళ్లో లాడ్జీలు లేవు. తెలిసినవాళ్లు లేకపోతే ఆసిఫాబాద్‌లో దిగి, తెల్లవారకముందే ఆటో మాట్లాడుకుని రావాలి. చేతులు కడుక్కుంటుంటే కమలాబాయి అడిగింది.

"లచ్చక్క కండ్లు పోయినయ్ అంటున్నరు, నిజమేనా బాయీ?"

"మొత్తం పోలే. మధ్యల పోయినయ్. పక్కకు కనవడుతది."

"గట్లయితె ఫికర్ లేదు. ఆమె ఎన్నడన్న సీదా చూసిందా? మా ఇంట్ల ఏం కూర వండిన్రని పక్కకే గద చూసేది."

నవ్వి, ఆ నవ్వు ఆపుకుని, కొంగుతో మూతి తుడుచుకుని, ఆమె చహా పెట్టడానికి లోపలికి వెళ్లింది.

సాయంత్రం ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఆ ఊరికి గుట్ట పడమట ఉంది, పొద్దు దాని వెనక్కే దిగుతుంది. మధ్యాహ్నం తర్వాత గుట్ట ముఖం నల్లగా, గాలి తెల్లగా ఉంటుంది. ఏ లెన్సూ దాన్ని బాగుచేయలేదు. ఉదయమైతే ఎండ మన వీపు మీద నుంచి వెళ్లి గుట్ట ముఖం మీద పడుతుంది. సాయంత్రం చేయాల్సిన పని ఒక్కటే, స్టాండు ఎక్కడ నిలబెట్టాలో చూసుకోవడం. గుమ్మానికి రెండడుగుల ముందు, అక్క నిలబడేదని కమలాబాయి చూపించిన చోట మూడు రాళ్లు పెట్టుకున్నాం. ఒక్క ఫోటోలో గుట్ట మొత్తాన్ని ఇరికిస్తే ముద్రించేటప్పుడు సాగదీయాల్సి వస్తుంది. అందుకని కెమెరాను నిలువుగా పెట్టి, ఎడమ కొస నుంచి కుడి కొస దాకా ఏడు ఫోటోలు, ఒకదాంట్లో మూడో వంతు ఇంకోదాంట్లో కలిసేలా తీసి, తర్వాత కంప్యూటర్‌లో అతకాలని అనుకున్నాం. కింద ఇళ్ల పెంకులూ పత్తి చేలూ, పైన గుట్ట అంచూ రావాలి. ఘాట్ మలుపు గుట్ట అంచుకు కొంచెం కిందే ఉంది. బస్సు అక్కడ చెట్లలోంచి బయటికి వచ్చి, కాసేపు పక్కకు తిరిగి కనిపించి, మళ్లీ చెట్లలోకి పోతుంది.

మర్నాడు ఉదయం ఏడు దాకా మంచు ఉంది. విడిపోయాక గుట్ట కడిగిన పళ్లెంలా బయటపడింది. ఎనిమిది దాటగానే బస్సు మలుపులో కనిపించింది. వైరు రిమోట్ నొక్కాను. ముందు బస్సు ఉన్న ఫోటో, తర్వాత మిగతా ఆరు. అంతా అనుకున్నట్టే జరిగింది. నేను కూర్చుని చహా తాగుతుంటే పద్మ తల మీద దుప్పటి కప్పుకుని కెమెరా తెరను పెద్దది చేసి చూసింది. ఎంతకీ తల బయట పెట్టలేదు.

"అత్తమ్మా, గుట్ట నెత్తి కరిగినట్టున్నది."

"నీ ఫోకస్ తప్పింది."

"ఫోకస్ నువ్వే పెట్టినవ్."

దుప్పటి లాక్కుని చూశాను. ఫోటో మధ్యలో ఉన్న చేలు పదునుగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ చెట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. బస్సు తడి చేత్తో తుడిచిన కుంకుమలా ఉంది. స్టాండు చెడిందన్నాను, గాలి కదిలిందన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. పద్మ కెమెరాను పైకెత్తి, ఆ మలుపును ఫోటో మధ్యకు తెచ్చి ఇంకొకటి తీసింది. మలుపు పదునుగా వచ్చింది, ఈసారి దాని పైనున్న ఆకాశపు అంచూ కిందున్న చేలూ కరిగాయి. మూడు గజాల దూరంలోని తువ్వాల మీద మూలమూలకూ పోగులు చూపించిన లెన్సు, రెండు కిలోమీటర్ల అవతలి గుట్టను మూలల్లో చూపించలేకపోయింది. నేతవాళ్ల పిల్లను కాబట్టి బట్టతో పరీక్షించాను. బట్టను ఎవరూ రెండు కిలోమీటర్ల దూరం నుంచి కొనరు, గుట్టను ఎవరూ మూడు గజాల దూరం నుంచి తీయరు. దగ్గరికి చేసిన లెన్సులన్నీ ఇంతే అని నేననడం లేదు. నేను తెచ్చిన ఆ ఒక్కటి అలా ఉంది. దూరపు పనికి తీసుకునే లెన్సును దూరపు వస్తువు మీదే చూడాలి. కరీంనగర్‌లో మా మేడెక్కి దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకును తీసి చూసినా ఇది అక్కడే తెలిసేది.

పద్మ సంచి అడుగు నుంచి ఒక మూట తీసి విప్పింది. మా పాత ఎనభై ఐదు.

"గిదెప్పుడు పెట్టినవ్?"

"నువ్వు స్నానానికి పోయినప్పుడు. చెప్తె తిడుతవని చెప్పలే."

తిట్టాను. తర్వాత బిగించాను. గుట్ట మీద కొట్టి చూస్తే పై అంచు దాకా చెట్టుకు చెట్టు విడిగా ఉంది. కానీ బస్సు వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఇంకో బస్సు దిగుతుందంటే దాని కోసం కూర్చున్నాం. అప్పటికి నేల కాగి, ఉడికే ఎసరు మీది ఆవిరి వెనక ఉన్నట్టు గుట్ట వణికిపోతోంది. లెన్సుకు ఎంత ఖర్చు పెట్టినా ఆ వణుకు ఫోటోలోకి వస్తుంది. మిగిలింది మర్నాటి ఉదయం బస్సే.

"రేపు రాత్రి జమ్మికుంటల పెండ్లి ఒప్పుకున్న అత్తమ్మా," అన్నది పద్మ. "తొమ్మిదింటికి గీడికెళ్లి ఎల్లకపోతె అందుకోం."

"తొమ్మిదింటికి బస్సు వచ్చినా రాకున్నా ఎల్దాం," అని మాట ఇచ్చాను. ఇంకోసారి వద్దామంటే ముందున్నది పెళ్లిళ్ల కాలం, ఆ తర్వాత మంచు. అది విడిచేసరికి అక్క చూపు ఎంత మిగులుతుందో డాక్టరే చెప్పలేదు.

మర్నాడు మంచు తొందరగా విడిపోయింది. ఎనిమిది దాటింది, బస్సు లేదు. ఎనిమిదిన్నర దాటింది, లేదు. కమలాబాయి జైనూర్‌లో ఉన్న వదినకు ఫోన్ కలిపి, నలుగురికీ వినపడేలా స్పీకర్ పెట్టింది. "టైరు పంచరైందంట, గిప్పుడే కదిలింది," అన్నది అవతలి గొంతు. అక్కడి నుంచి మలుపు దాకా రావడానికి ముప్పావు గంట పడుతుందన్నది కమలాబాయి. ఎండ వీపు మీద కాలుతోంది. తెరలో పెద్దది చేసి చూస్తే గుట్ట కాళ్ల దగ్గర వణుకు మొదలైంది, అంచు దాకా ఇంకా రాలేదు. తొమ్మిది అయ్యింది. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. వైరు చుట్టడానికి లేచాను.

పద్మ నా చేయి పట్టి కూర్చోబెట్టింది. "ఏ పెండ్లికొడుకు టైముకు మండపం ఎక్కిండు అత్తమ్మా? కూసో."

కూర్చున్నాను. పదిహేను నిమిషాలో ఇరవై నిమిషాలో గడిచాయి. ముందు హారన్ వినిపించింది, తర్వాత చెట్లలో ఎర్రగా ఏదో కదిలింది. మలుపులో బస్సు పూర్తిగా పక్కకు తిరిగే దాకా ఆగి నొక్కాను, ఒకటికి మూడుసార్లు. తర్వాత మిగతా ఆరు ఫోటోలు. ఎనభై ఐదు లెన్సు, ఎనిమిది అంకె, ఫోకస్ గుట్ట అంచు మీద పెట్టి మళ్లీ కదపలేదు. వెలుతురు అంకెలు కూడా ఏడింటికీ ఒకటే. ఏ ఒక్కటి మారినా అతికేటప్పుడు గీత కనిపిస్తుంది. ఈసారి దుప్పటి నేనే కప్పుకున్నాను. బస్సు కిటికీలు విడివిడిగా ఉన్నాయి.

గణపత్ ఆటో కోసం చూడకుండా పత్తి వ్యాన్‌లో కెరమెరి దాకా వెళ్లి, దొరికిన బస్సు దొరికినట్టు ఎక్కి, చీకటి పడే వేళకు పద్మను జమ్మికుంట బస్సెక్కించాను. ఆమె చేరేసరికి పెళ్లికొడుకు ఇంకా రాలేదట.

ముద్రణ దగ్గర కూడా ఒక తప్పు చేయబోయి ఆగాం. పదడుగులంటే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది ఫ్లెక్సు. ఒక చెయ్యంత ముక్క వేయించి చూస్తే, జానెడు దూరంలో బస్సు లేదు, చుక్కలున్నాయి. ఎంత మంచి లెన్సుతో తీసినా ఫ్లెక్సు మీద వేస్తే చేసిన కష్టం అక్కడ పోతుంది. హైదరాబాద్‌లో రోల్ కాగితం మీద ముద్రించే ల్యాబ్‌కు పంపి, మెరుపు లేని కాగితం మీద మూడు ముక్కలుగా వేయించాం. మెరిసే కాగితమైతే ట్యూబులైటు అందులో పడి, ఉన్న కాస్త చూపునూ కొడుతుంది. ఖర్చు ఫ్లెక్సుకు ఎన్నో రెట్లు. అందుకే ముందు చిన్న ముక్క వేయించుకుని చూడమంటున్నాను. అంత కష్టపడి పట్టుకున్న బస్సు కాగితం మీద చింతగింజంత ఉంది.

గోడకు అతికించిన రోజు అక్కను తీసుకొచ్చి ఎడమ కొస దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాం. ముఖం గోడకు ఆనినంత దగ్గరగా పెట్టి, తల పక్కకు తిప్పి, కంటి చివరతో వెతికింది. ఆ తర్వాత వేలు పెట్టింది.

"గీ ఇనుప కట్టె ఏందే, గుట్ట నెత్తి మీద?"

"సెల్ టవర్. నువ్వు వచ్చినంక పెట్టిన్రు. వద్దంటె కంప్యూటర్‌ల తీసేస్త అంటుంది పద్మ."

"ఎందుకు తీసుడు? ఉన్నదుండనీ. గుట్టకు సుత ఫోన్లు రావాలె గద." వేలు కిందికి జారింది. "గిది రాజన్న కొట్టం. పెంకులు కూలినయ్. గింత బద్ధకపోడైండా?"

మేమెవరమూ ఆ కొట్టాన్ని చూడలేదు. ఏడు ఫోటోలు అతికిన పద్మ కూడా చూడలేదు. అక్క ఒక్కో చెట్టు దగ్గరా, ఒక్కో చేను దగ్గరా ఆగుతూ, ఎవరి చేనుకు ఎవరు గట్టు జరిపారో చెబుతూ పోతోంది. స్టూలు జరపమన్నప్పుడల్లా జరిపాం. పొద్దు వాలేసరికి సగం గోడ అయ్యింది. బస్సు ఇంకా కుడి పక్కనే ఉంది. నేను ఉండబట్టలేకపోయాను.

"అక్కా, బస్సు గీడున్నది, ఇటు రా, సూపిస్త."

"సూపియ్యకు. నేనే ఎతుక్కుంట." నడుం పట్టుకుని స్టూలు మీద నుంచి లేచింది. "ఇయ్యాల్టికి చాలు, కండ్లు గుంజుతున్నయ్. మిగిలింది రేపు సూస్త."

"బస్సు కోసమే గద మేము రెండు దినాలు కూసున్నది!"

"ఉండనీయే. ముప్పై ఏండ్లు నేను ఉరికిన దాని ఎనుక. ఒక్క రాత్రన్న అది నా కోసం ఆగనీ."

ఆ తర్వాత చాలామంది నన్ను అడిగారు, అంత పదును అవసరమా అని. ప్రతి ఫోటోకూ అవసరం లేదు. పోస్టుకార్డంత ఫోటోకు ఏ లెన్సయినా చాలు, ఫోన్లో చూసుకునేదానికి ఫోనే చాలు. దూరం నుంచి చూసి బాగుందని వెళ్లిపోయే గోడకు జూమ్ చాలు, ఈ విషయంలో శ్రీనుతో నాకు తగవు లేదు. దగ్గరికి వచ్చి వెతుక్కునే మనిషి ఉన్నప్పుడు మాత్రం ఫోటోలో వెతికితే దొరికేదంటూ ఉండాలి. లెన్సు గొప్పదనం నాకు అక్కడ కనిపించింది. నేను తీసిన గుట్టలో నాకు తెలియనివి ఎన్నో ఉన్నాయి, వాటిని మా అక్క రోజుకొన్ని చొప్పున బయటికి తీస్తోంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. లెన్సు దుకాణానికి పోయే ముందు, ఆ ఫోటోను చూడబోయే మనిషిని అది పెట్టబోయే గోడ ముందు కూర్చోబెట్టండి. వాళ్ల కంటికీ గోడకూ మధ్య ఎంత దూరముందో టేపుతో కొలిచి, ఆ కొలత పట్టుకుని దుకాణంలో అడుగు పెట్టండి.